పది మాటల్లో ఐదు

జులై 6

నాకు పంతొమ్మిదేళ్ళు. నెలనెలా జీతమిచ్చి మరీ నన్ను ఫుట్‌బాల్ ఆడమంటున్నారు. ఈ మాట రాసుకుని చూసుకోవడానికే ఈ నోటుపుస్తకం కొన్నాను.

నాన్న ఇళ్ళకు రంగులు వేస్తాడు. కాంట్రాక్టు మీద సంతకం పెట్టానని ఫోన్ చేసేసరికి నిచ్చెన మీదున్నాడట. "దిగాక చెప్పాల్సింది కదే, డబ్బా వదిలేశాను" అన్నాడు. ఎవరి వసారానో పాపం, నీలంగా మారిపోయుంటుంది. అమ్మ పోస్టాఫీసులో పనిచేస్తుంది, సంచీ తగిలించుకుని ఇంటింటికీ ఉత్తరాలు పంచుతుంది. కాగితమంటే చాలు, ఆవిడకు అనుమానం. "మొత్తం చదివే పెట్టావా సంతకం?" అంది.

చదివాను. కాంట్రాక్టు ఒక్క ఏడాదికే. ఈ సీజన్‌లో పది మ్యాచులు మొదటి నిమిషం నుంచి ఆడితే ఇంకో మూడేళ్ళు పొడిగిస్తారు. మధ్యలో దిగిన మ్యాచ్ లెక్కలోకి రాదు. తొమ్మిది దగ్గర ఆగిపోతే పెట్టె సర్దుకోవడమే. కోచ్ సార్ ఆ వాక్యం కింద గోరుతో గీత గీసి చూపించారు.

క్లబ్ వసతిగృహంలో గదికి ఇద్దరం. నాతో మా కెప్టెన్ ఉంటుంది. ముప్ఫై ఒక్కేళ్ళు, అందరూ పెద్దక్క అంటారు. ఇద్దరిదీ డిఫెన్సే, మా గోల్ ముందు పక్కపక్కన నిలబడాలి. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "గదిలో బల్బు మార్చడానికి ఇక స్టూలు వెతుక్కోనక్కర్లేదు" అంది. సాయంత్రానికల్లా టీమంతా నన్ను స్తంభం అనడం మొదలుపెట్టారు. బడిలో ఇంతకన్నా ఘోరమైన పేర్లే పెట్టారు కాబట్టి పెద్దగా పట్టించుకోలేదు.

జులై 9

రేపు తల పరీక్ష. దెబ్బలేవీ తగలకముందు మన తల ఎలా పనిచేస్తుందో చూసి రాసిపెట్టుకుంటారట. మా దెబ్బలు చూసే ఫిజియో మేడమ్ పది మాటలు చదువుతుంది, అన్నీ తిరిగి చెప్పాలి. అంకెలు వెనకనుంచి చెప్పాలి. కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడాలి. ఎప్పుడైనా మైదానంలో తలకు తగిలితే మళ్ళీ ఇదే పరీక్ష పెట్టి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తారు. మార్కులు తగ్గాయో, కనీసం నెల రోజులు బయటే.

పెద్దక్క భోజనాల దగ్గర నా పక్కన కూర్చుని గొంతు తగ్గించింది.

"రేపు తెలివితేటలు చూపించకు. పదికి ఐదు చెప్పు. ఐదంటే ఐదే."

"మిగతావి గుర్తుంటేనో?"

"మింగేయ్. ఇప్పుడు పదీ అప్పజెప్పావనుకో, రేపు దెబ్బ తగిలాక ఏడు చెప్పినా కూర్చోబెట్టేస్తారు. ఇప్పుడు ఐదే చెప్పావనుకో, అప్పుడూ ఐదు చాలు. బుర్రకెక్కిందా?"

ఇక్కడ అందరూ అలాగే చేస్తారట. పెద్దక్కకు ఆవిడ మొదటి కెప్టెన్ చెప్పిందట. ఆ కెప్టెన్‌కి ఎవరు చెప్పారో తెలీదు.

జులై 10

ఐదు చెప్పాను. అంకెల్లో రెండుచోట్ల తప్పాను. ఒంటికాలి మీద కావాలనే రెండుసార్లు తూలాను. మేడమ్ నన్ను జాలిగా చూసి "పర్లేదమ్మా, కాళ్ళు బాగున్నాయిగా" అంది. బయటికొచ్చాక పెద్దక్కా నేనూ గోడకు ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వాం.

మిగతా ఐదు మాటలూ నాకు తెలుసు. నోట్లో పెట్టుకునే బయటికొచ్చాను. ఇక్కడ మాత్రం రాయను, ఎవరైనా చూస్తే కొంప మునుగుతుంది.

ఆగస్టు 17

మొదటి మ్యాచ్, మొదటి నిమిషం నుంచి. రెండు సున్నాతో గెలిచాం.

మైదానంలోకి తెరుచుకునే సొరంగంలోంచి బయటికొస్తుంటే కాళ్ళలో నరాలు జివ్వుమన్నాయి. గడ్డి తడిగా ఉంది, దాని వాసనకే ఏడుపొచ్చింది. గోల్‌కీపర్ వెనకనుంచి "స్తంభం, కదలవే, కరెంటు పోయిందా?" అని అరిచింది. ఎగిరి తలతో మొదటి హెడర్ కొట్టాక భయం పోయింది. ఆట అయ్యాక నాన్న ఫోన్‌లో మాట్లాడలేదు, ముక్కు చీదాడంతే.

ఒకటి.

సెప్టెంబర్ 14

ఐదు. సున్నా సున్నా. మడమ మీద పొక్కు చితికింది. సంతోషంగా ఉన్నాను. దీనికి కారణం వెతకను.

సెప్టెంబర్ 21

ఆరు.

సెప్టెంబర్ 22

నిన్న రాయడానికి ఓపిక లేదు.

రెండో సగంలో వాళ్ళకు మైదానం మూల నుంచి కొట్టే కార్నర్ వచ్చింది. నేనూ వాళ్ళ పొడుగు ఫార్వర్డూ ఒకే బంతికి ఎగిరాం. ఆమె నుదురు నా కణతకు తగిలింది. ఇదంతా పెద్దక్క చెప్తే రాస్తున్నాను. నాకు గుర్తున్నది గడ్డి మీద మోకరిల్లి ఉన్న దగ్గర్నుంచే. వెంటనే లేచి నిలబడ్డానట. మేడమ్ పరిగెత్తుకుంటూ వచ్చి స్కోరెంత, ఆఖరి గోల్ ఎవరు కొట్టారు అని అడిగింది. చెప్పాను. ఆట పూర్తి చేశాను.

తర్వాత గదిలో పరీక్ష. పది మాటలు చదివింది. నేను ఐదు చెప్పాను. మేడమ్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది. అంకెలు కూడా అవే తప్పులు, తూలడం కూడా రెండుసార్లే.

"ఏం తేడా లేదు. అదృష్టవంతురాలివి."

అనుకున్నట్టే ఐదు చెప్పాను. అన్నీ అనుకున్నట్టే జరిగాయి.

సెప్టెంబర్ 24

కిటికీకి తువ్వాలు కట్టాను. వెలుగు ఎక్కువగా ఉంటోంది. పెద్దక్క "ఏంటే, ఫోటోలు కడుగుతున్నావా గదిలో?" అంది. నవ్వాను. నవ్వాల్సిన చోటని తెలిసింది కాబట్టి.

సెప్టెంబర్ 28

ఏడు. గెలిచాం. అందరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. నేనూ వెళ్ళి మీద పడ్డాను. కిందున్న ఎవరిదో మోచెయ్యి నా పక్కటెముకల్లో గుచ్చుకుంది. అది తెలిసింది.

సెప్టెంబర్ 30

కాస్త నిద్ర ఎక్కువైంది, అంతే. పదకొండింటికి ట్రెయినింగ్ ముగిస్తే పన్నెండింటికి పడుకుని నాలుగింటికి లేస్తున్నాను. ఈ వయసులో ఒంటికి నిద్ర కావాలి. కోచ్ సార్ కూడా నిద్రే మందంటారు.

అమ్మ ఫోన్ చేసింది. కొత్త బూట్లు కరిచాయట. ఊ అన్నాను. నాన్న బడికి రంగు వేస్తున్నాడట, పిల్లలు తడి గోడ మీద చేతులు పెట్టేస్తున్నారట. ఊ అన్నాను. "ఒంట్లో బాగాలేదా?" అంది. బాగానే ఉంది. ఏమీ నొప్పి లేదు. నొప్పే కాదు, ఏదీ లేదు.

అక్టోబర్ 3

అమ్మ ఫోన్ చేసింది. బూట్లు కరిచాయట.

అక్టోబర్ 7

ఈ వారం మ్యాచ్ లేదు. బట్టలుతికే గదికి వెళ్ళి వచ్చాక చూస్తే బట్టలు నా చేతిలోనే ఉన్నాయి. మళ్ళీ వెళ్ళాను.

అక్టోబర్ 12

ఎనిమిది. కార్నర్‌కి ముందుకెళ్ళి హెడర్‌తో గోల్ కొట్టాను. నా మొదటి గోల్. చిన్నప్పటి నుంచి ఈ క్షణం ఎలా ఉంటుందో పడుకునేముందు ఊహించుకునేదాన్ని. ఎటు పరిగెత్తాలో, ఎవర్ని ఎత్తుకోవాలో అన్నీ అనుకుని పెట్టుకున్నాను. బంతి వలలో పడింది. నేను తిరిగి నా స్థానంలోకి నడిచాను. పెద్దక్క వెంటపడి వచ్చి నన్ను ఊపేసింది. "గోల్ కొట్టావే మొద్దూ! గోల్!"

తెలుసక్కా అన్నాను.

నాన్న ఫోన్‌లో అరుస్తున్నాడు. పక్కన ఎవరో తప్పెట్లు కొట్టినట్టు ఉంది, ఖాళీ రంగు డబ్బాలట. ఫోన్ కాస్త దూరంగా పట్టుకున్నాను.

అక్టోబర్ 15

కొత్తమ్మాయి వచ్చింది. పద్దెనిమిదేళ్ళు. ఆమెదీ డిఫెన్సే, ఆమెదీ నా స్థానమే. నేను జారితే వేసుకోవడానికి తెచ్చారని అందరికీ తెలుసు, ఆమెకు కూడా. అయినా వచ్చి నా పక్కనే కూర్చుంటుంది. నోరు మూతపడదు. తను ఎక్కొచ్చిన బస్సులో ఎవరెవరు ఏం తిన్నారో చెప్పింది. అసూయపడాలి కదా నేను. చూశాను, అసూయ ఎక్కడా కనిపించలేదు.

అక్టోబర్ 18

తల పరీక్ష సంగతి కొత్తమ్మాయికి నువ్వే చెప్పు అంది పెద్దక్క. సామాన్ల గదిలో బంతులకు గాలి కొడుతూ చెప్పాను. పదికి ఐదు చెప్పు, మిగతావి మింగేయ్, ఒంటికాలి మీద రెండుసార్లు తూలు. పిల్ల కళ్ళు ఇంతింత చేసుకుని వింది. "మోసం కదక్కా?" అంది. మోసం కాదు, జాగ్రత్త అన్నాను.

అక్టోబర్ 19

కొత్తమ్మాయికి తల పరీక్ష సంగతి చెప్పాలి. ఆదివారం కదా, మ్యాచ్ లేదు, మెట్ల మీద ఎండలో కూర్చుని ఉంది. వెళ్ళి పక్కన కూర్చుని మొదలుపెట్టాను. చూడు, పరీక్షలో తెలివితేటలు చూపించకు, పదికి ఐదు చెప్పు, మిగతావి

అక్కడ నన్ను ఆపేసింది. "అక్కా, నిన్న చెప్పావు కదా ఇదంతా."

"ఎక్కడ?"

"బంతుల గదిలో. నేను మోసం కదా అంటే నువ్వు జాగ్రత్త అన్నావు. ఏంటక్కా, నన్ను ఆటపట్టిస్తున్నావా?" అని నవ్వింది.

అవునన్నాను. ఆటపట్టిస్తున్నానన్నాను. గదికొచ్చి ఈ పుస్తకం తీశాను. నిన్నటి పేజీ ఉంది. నా చేతిరాతే. బంతుల గది ఉంది, మోసం ఉంది, జాగ్రత్త ఉంది. నాలుగుసార్లు చదివాను. అది నాకు జరిగినట్టు అనిపించడం లేదు, ఎవరో జరిగిందని చెప్తే విన్నట్టుంది.

వెనక్కి తిప్పితే ఇంకోచోట అమ్మ బూట్లు రెండుసార్లు కరిచాయి.

అక్టోబర్ 20

సెప్టెంబర్ 22న రాసింది చదివాను. అనుకున్నట్టే ఐదు చెప్పానని ఉంది.

అబద్ధం. ఈ పుస్తకంలో కూడా అబద్ధమే రాసుకున్నాను. ఆ రోజు నేనేమీ అనుకోలేదు. ఐదు దగ్గర ఆపాలన్న సంగతే నాకు గుర్తు రాలేదు. మేడమ్ చదువుతుంటే పదీ చెప్పాలనే చూశాను. ఐదే వచ్చాయి. తర్వాత ఏమీ లేదు. ఒంటికాలి మీద కూడా నేను తూలలేదు, నేలే తూలింది.

మేడమ్ అదృష్టవంతురాలివి అంది. నేను థాంక్స్ చెప్పాను.

అక్టోబర్ 21

చెప్పేస్తే నెలో రెండు నెలలో బయట కూర్చోవాలి. ఈలోగా సీజన్ అయిపోతుంది. ఎనిమిది దగ్గర ఆగిపోతాను. ఇంకో రెండు ఆడేశాక చెప్తాను. అప్పుడు మూడేళ్ళు చేతిలో ఉంటాయి, నింపాదిగా పడుకుని కోలుకోవచ్చు. ఇది తెలివైన పద్ధతి.

అక్టోబర్ 23

ఇది తెలివైన పద్ధతే.

అక్టోబర్ 26

తొమ్మిది.

రాయాలి. రాయకపోతే రేపటికి ఉండకపోవచ్చు.

విరామం అయ్యాక బయటికొచ్చాం. రెండో సగంలో వైపులు మారతాయి. ఆ మాత్రం ఆరేళ్ళ పిల్లలకు కూడా తెలుసు. నేను నడుచుకుంటూ పోయి మొదటి సగంలో నిలబడ్డ చోటే నిలబడ్డాను. వాళ్ళ గోల్ ముందు, వాళ్ళ గోల్‌కీపర్ పక్కన. ఆ అమ్మాయి నన్ను చూసి "దారి తప్పావా?" అంది. జనం నవ్వుతున్నారు. ఎందుకు నవ్వుతున్నారా అని నేనూ వెనక్కి తిరిగి చూశాను.

పెద్దక్క మైదానం ఆ చివరి నుంచి పరిగెత్తుకొచ్చింది. నా భుజాలు పట్టుకుని తిప్పింది. అందరికీ వినపడేలా "చాల్లే నీ వేషాలు!" అని నవ్వుతూ అరిచి, నా చెవి దగ్గర వేరే గొంతుతో "ఏమైందే నీకు?" అంది. నా మోచెయ్యి పట్టుకుని మా వైపు దాకా నడిపించింది. ఆట మొదలైంది. గెలిచాం.

తర్వాత బట్టలు మార్చుకునే గదిలో అందరూ దాన్ని పెద్ద జోకు చేశారు. గోల్‌కీపర్ నా నడక నడిచి చూపించింది. చాలా బాగా చేసింది. నేను ఒకటి కనిపెట్టాలని చూస్తూ కూర్చున్నాను, నాకు సిగ్గేస్తోందా అని. వెయ్యలేదు. బడిలో ఒకసారి చొక్కా తిరగేసి వేసుకెళ్ళినందుకు వారం రోజులు గడప దాటనిదాన్ని. ఈ రోజు ఇంతమంది ముందు దారి తప్పితే ఏమీ కాలేదు. భయం కూడా తలతోనే తెలుస్తోంది, భయపడాలి కదా అని.

పెద్దక్క గదికొచ్చింది. ఇటు తిరిగి కూర్చుంది, అటు తిరిగి కూర్చుంది. చివరికి "ఇంకొక్కటే ఉంది. ఆదివారం నా పక్కనే ఉండు, ఎటు పోవాలో నేను చెప్తాను" అంది.

సరే అన్నాను.

అక్టోబర్ 28

కొత్తమ్మాయికి ఇవాళ తల పరీక్ష. బయటికొచ్చి తిన్నగా నా దగ్గరికే వచ్చింది, తప్పు చేసిన మొహంతో.

"అక్కా, తొమ్మిది చెప్పేశాను."

"ఐదు చెప్పమన్నాను కదా."

"ఆపుదామనే అనుకున్నానక్కా. ఐదు చెప్పి పళ్ళు బిగించాను. మేడమ్ 'ఇంకా?' అంది. అంతే, నోరు ఆగలేదు. బొలబొలా వచ్చేశాయి. ఒక్కటే పోయింది, అది మాత్రం నిజంగానే గుర్తు రాలేదు." అటూ ఇటూ చూసి, "పెద్దక్కకు చెప్పకు" అంది.

చెప్పనన్నాను. పిల్ల ఎగురుకుంటూ పోయింది.

దాని తొమ్మిది అక్కడ ఫైల్లో ఉంది, తేదీ వేసి, సంతకం పెట్టి. రేపు ఏమైనా అయితే దాన్ని తీసి చూస్తారు. ఎంత పోయిందో తెలుస్తుంది. ఎంత తిరిగొచ్చిందో కూడా తెలుస్తుంది. నా ఫైల్లో ఏముంది? నేను కాని ఎవరో మొద్దు పిల్ల ఉంది. ఆ పిల్లలా నేను అయిపోయినా ఎవరికీ తెలీదు. అయిపోయాను కూడా.

అక్టోబర్ 30

ఎల్లుండి దాటితే పదోది. వద్దు. కాదు, ఆడేస్తే పోతుంది.

అక్టోబర్ 31

చెప్పేశాను.

పొద్దున ట్రెయినింగ్‌కి ముందే ఫిజియో గదికి వెళ్ళాను. మేడమ్ ఎవరి చీలమండకో పట్టీ వేస్తోంది. ఆ అమ్మాయి వెళ్ళేదాకా నిలబడ్డాను. ఎలా మొదలుపెట్టాలో ముందే కాగితం మీద రాసుకుని తీసుకెళ్ళాను, దాన్నే చదివాను. జులైలో కావాలని ఐదు చెప్పాను. సెప్టెంబర్‌లో కావాలని చెప్పలేదు.

మేడమ్ చేతిలో కత్తెర అలాగే ఉంది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు.

"నలభై రోజులా?" అంది.

"అవును మేడమ్."

"దెబ్బ తగిలాక మూడు మ్యాచులు ఆడించాను నిన్ను." ఈ మాట నాతో అన్నట్టు లేదు. కుర్చీలో కూలబడి నా ఫైల్ తీసింది. "సరే, జులైలో నీకు నిజంగా ఎన్ని గుర్తున్నాయి?"

"పదీ."

"చెప్పి చూశావా ఎవరికైనా? నీలో నువ్వైనా?"

ఆలోచించాను. పుస్తకంలో మిగతా ఐదూ తెలుసని రాసుంది. రాసి ఉందని తెలుసు గానీ, ఆ మాటలు నిజంగా గుర్తున్నట్టు గుర్తు లేదు.

"లేదు మేడమ్."

ఆవిడ జులై కాగితాన్ని అడ్డంగా కొట్టేసింది. "దీనికి విలువ లేదిప్పుడు. నువ్వు ముందు ఎలా ఉండేదానివో నా దగ్గర ఏ ఆధారమూ లేదు" అంది. ఆ తర్వాత కత్తెర పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ చెయ్యి వెచ్చగా ఉంది.

కోచ్ సార్ ఎక్కువ మాట్లాడలేదు. "ఆదివారం కాదు కదా, ఈ సీజన్‌కే నువ్వు లేవు" అన్నారు. తలుపు దాకా వచ్చి "ఇంకెవరెవరు చేశారు ఇలా?" అని అడిగారు. తెలీదన్నాను. ఆయనకు తెలిసిపోయింది.

నవంబర్ 2

నా స్థానంలో కొత్తమ్మాయి ఆడింది. బాగా ఆడింది. నేను చూడలేదు, టీవీ వెలుగు పడదు. అరుపులు విన్నాను.

నవంబర్ 5

టీమంతటికీ తల పరీక్ష మళ్ళీ పెడుతున్నారు. బయటి డాక్టర్ వచ్చి పెడతాడట, కొత్త మాటలతో, ఎవరికీ ముందు చెప్పకుండా. భోజనాల దగ్గర నా బల్లకు ఎవరూ రాలేదు. గోల్‌కీపర్ నా వెనకనుంచి పోతూ "స్తంభమని పేరు పెట్టాం, నెత్తి మీదే కూలింది" అంది. కొందరు నవ్వారు. గుడ్లు బాగానే ఉడికాయి. రెండు తిన్నాను.

నవంబర్ 7

పెద్దక్క వంతు ఇవాళ అయ్యింది.

నేను వారం నుంచి ఆవిడ తిడుతుందని ఎదురు చూస్తున్నాను. తిట్టలేదు. గదిలో నా వస్తువులకు ఆవిడ వస్తువులు తగలకుండా సర్దుకుంది, అంతే. ఇవాళ మధ్యాహ్నం వచ్చి బూట్లు కూడా విప్పకుండా మంచం మీద కూర్చుంది. పదమూడేళ్ళుగా హెడర్లు కొడుతోంది ఆవిడ. తలకు ఎన్నిసార్లు తగిలిందో ఆవిడే లెక్కపెట్టడం మానేసింది.

"ఎన్ని చెప్పావక్కా?"

"అడక్కు."

తువ్వాలు కట్టిన కిటికీ వైపు తిరిగింది.

"ఈసారి మింగలేదే" అంది. "మింగడానికి ఏమైనా ఉంటే కదా."

నేను లేచి వెళ్ళి పక్కన కూర్చున్నాను.  ఆవిడ నా భుజానికి తల ఆనించింది. అందనంత ఎత్తులో ఉంది నా భుజం, కాస్త కిందికి వంగాను.

నవంబర్ 11

పెద్ద డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు. ముసలాయన. గోడ మీద గడియారం తప్ప గదిలో ఏమీ లేదు. రెండు గంటలు పరీక్షలు పెట్టారు. నా కాగితాలన్నీ ముందు పెట్టుకుని, కొట్టేసిన కాగితం దగ్గర ఆగారు.

"దెబ్బకు ముందు నువ్వెలా ఉండేదానివో తెలియకుండా ఏం చెప్పినా ఊహే అవుతుందమ్మా. నిన్ను బాగా ఎరిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

అమ్మ నంబర్ ఇచ్చాను. ఆయన ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకర్ వేశారు. అమ్మ డ్యూటీలో ఉంది. వీధి చప్పుడు వినపడుతోంది, గేటు కిర్రుమంది. డాక్టర్‌గారు తానెవరో చెప్పి, కంగారు పడొద్దని చెప్పి, పది మాటల సంగతి వివరించారు.

"మీ అమ్మాయి ఐదు చెప్పింది."

"ఐదా?" అంది అమ్మ. "మీరు ఇంకెవరిదో కాగితం చూస్తున్నారండీ. ఒక్కసారి పేరు చూడండి."

"పేరు సరైనదేనమ్మా. మొదటిసారి కావాలనే తక్కువ చెప్పిందట."

"మరి రెండోసారి?"

"రెండోసారి కావాలని కాదు."

 సంచీ కింద పెట్టిన చప్పుడైంది. ఎవరో "మాకేమైనా ఉందా అమ్మా?" అని అడుగుతుంటే, "ఉండండి బాబూ" అంది. తర్వాత మళ్ళీ ఫోన్‌లోకి వచ్చింది.

"మీ కాగితంలో లేదు, అంతేగా. నా దగ్గరుంది. రాసుకోండి."

డాక్టర్‌గారు కలం తీశారు.

"ఆరేళ్ళప్పుడు సెలవుల్లో నా వెంట తిప్పేదాన్ని, ఇంట్లో చూసుకునేవాళ్ళు లేక. మూడొందల పై చిలుకు ఇళ్ళు నావి. వారం తిరక్కుండా ఏ ఉత్తరం ఏ తలుపుదో అదే చెప్పేది. చదవడం కూడా సరిగా రాదప్పటికి. పైవాటాలోకి కొత్తగా ఎవరొచ్చారో, ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏది ఊరికే మొరుగుతుందో అన్నీ దానికే తెలుసు. ఓసారి నాకు జ్వరమొస్తే వాళ్ళ నాన్నను వెంటేసుకుని వెళ్ళి మొత్తం పంచేసొచ్చింది. ఒక్కటీ తప్పు పోలేదు. మా ఆఫీసులో చెప్పకండి. రాసుకున్నారా?"

"రాశానమ్మా."

"పోట్లాడితే మూడేళ్ళ కిందటి మాట రోజుతో సహా అప్పజెప్పేది, నేను ఓడిపోయేదాన్ని. నవ్విందంటే వీధి చివరికి వినపడేది. ఆట ఓడిపోతే గోడకేసి తల పెట్టుకుని ఏడ్చేది, అన్నం తినేది కాదు. గెలిస్తే అసలు తినేది కాదు, చెప్తూనే ఉండేది." గేటు మళ్ళీ కిర్రుమంది. "ఇప్పుడు ఫోన్ చేస్తే ఏం చెప్పినా ఊ అంటోంది. నేను పెద్దదైపోయిందనుకున్నానండీ. ఉద్యోగం కదా, అలసిపోతోందేమోననుకున్నాను. తల్లిని, నాకు తెలియలేదు."

డాక్టర్‌గారు రాస్తూనే ఉన్నారు. ఆయన రాసేదాన్ని తలకిందులుగా చదవాలని చూశాను. అక్షరాలు కదిలిపోయాయి. అమ్మ చెప్తున్న ఆ పిల్ల నాకు బాగా నచ్చింది. వీధి చివరికి వినపడేలా నవ్వే పిల్ల. దాన్ని నేను ఐదు మాటల కింద పెట్టి దాచేశాను, ఇప్పుడు తీయడం నాకు రావడం లేదు.

"ఏమ్మా, ఉన్నావా అక్కడ?" అంది అమ్మ.

ఉన్నానన్నాను. ఏడుపు రావాల్సిన చోటిది. రాలేదు. రావాలని చాలా కోరుకున్నాను, బల్ల అంచు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఇన్ని రోజుల్లో నాకు గట్టిగా కావాలనిపించింది అదొక్కటే.

డాక్టర్‌గారు కాగితం రెండో వైపుకు తిప్పారు.

"ఇంకా చెప్పండమ్మా" అన్నారు.